అదాలత్ కాడి వకీలు మేడమ్ ఆఫీసు: సరోగసీ కాగితాల పనికి నా రివ్యూ, 5 కి 4

ముందే చెప్తున్న, ఇది పొడుగు రివ్యూ, ఓపిక ఉన్నోళ్లే చదవండి. హన్మకొండ అదాలత్ దగ్గర, కోర్టు గేటుకు నడిచిపోయే దూరంల ఒక లేడీ అడ్వకేట్ ఆఫీసుల మా సరోగసీ (మన బిడ్డను ఇంకో ఆమె కడుపుల మోసి కనుడు) కాగితాలన్నీ చేయించుకున్నం, 2024 ఫిబ్రవరి నుంచి పాప బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాక. పేరు రాస్తలేను. మేడమే వద్దన్నరు, లాయర్లు ప్రచారం చేసుకోవద్దని బార్ కౌన్సిల్ రూల్ ఉన్నదట, "నచ్చితె మీ చుట్టాలకు నోటితోని చెప్పుకోండి చాలు" అన్నరు. అయినా రాస్తున్న, ఎందుకంటె మేం తిరిగే టైమ్ ల ఇట్లాంటి అనుభవం తెలుగుల ఒక్కటి గూడ మాకు దొరకలే, దొరికినయన్నీ క్లినిక్ లోళ్ల యాడ్లే.

మా సంగతి రెండు ముక్కల్ల. నాకు అప్పుడు 37, మా ఆయనకు 41. మొదటి కాన్పుల బిడ్డ దక్కలే, రక్తం ఆగకపోతె నా పాణం నిలబెట్టనీకి గర్భసంచి తీసేసిన్రు. అండాలు మంచిగనే ఉన్నయి, హైదరాబాద్ క్లినిక్ ల పిండాలు చేసి పెట్టిన్రు, మోసే మనిషే కావాలె. మా అత్తమ్మ పుట్టిల్లు సిరోంచ. ఆమె తమ్ముని బిడ్డ, అంటె మా ఆయనకు మరదలు, నాకు చెల్లె వరుస, 31 ఏండ్లు, ఇద్దరు పిల్లలు, ఒక పండుగకు వచ్చినప్పుడు తనంతట తనే "అక్కా నేను మోస్త" అన్నది. నేను నవ్విన. తర్వాత వంటింట్లకు పోయి ఏడ్చిన, అది వేరే సంగతి.

సిరోంచ తెల్వనోళ్లకు చెప్త. కాళేశ్వరం దాక పోయి గోదావరి బ్రిడ్జి దాటితె వస్తది, ఆ ఒడ్డు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. ఇంట్ల మాట తెలుగు, బడి మరాఠీ. హన్మకొండ నుంచి పరకాల, భూపాలపల్లి మీదుగ 120 కిలోమీటర్ల దాక ఉంటది. మనకు అది చుట్టాల ఊరే గాని కాగితం మీద పరాయి రాష్ట్రం. మా కేసు మొత్తం ఈ ఒక్క ముచ్చట చుట్టే తిరిగింది.

ముందుగాల వేరే వకీలు దగ్గరికి పోయినం, ఎవరో ఎక్కడో చెప్ప. ఆయన మొదటి మాటనే "మీ మనిషెందుకమ్మా, నా దగ్గర ప్యాకేజీ ఉంది, ఆడమనిషి, కాగితాలు, డెలివరీ అన్నీ కలిపి" అని ఒక రేటు చెప్పిండు. మేం వద్దంటె సరే అని 100 రూపాయల బాండ్ పేపర్ మీద ఇంగ్లీష్ ల అగ్రిమెంట్ కొట్టించి చెల్లె ముందల పెట్టి "ఇక్కడ సంతకం చెయ్" అన్నడు. చెల్లె మొకం చూసిన, ఒక్క ముక్క అర్థం కాలే, అయినా పెన్ను పట్టుకున్నది, మమ్మల్ని నమ్మి. నేనే పెన్ను గుంజుకున్న. ఆ కాగితానికి చట్టంల చిల్లిగవ్వ విలువ లేదని తర్వాత తెలిసింది.

తర్వాత మా బ్యాంకుల పనిచేసే ఒకామె ఈ మేడమ్ గురించి చెప్పింది. ఫస్ట్ టైమ్ పోయినప్పుడు మేడారం జాతర నడుస్తున్నది, గుమాస్తా జాతరకు పోయిండు, కోర్టు కాడ గూడ జనం లేరు, అందుకే మేడమ్ కు రెండు గంటలు తీరిక దొరికింది, మా అదృష్టం. అదే వారం, 2024 ఫిబ్రవరి 21న కేంద్రం సరోగసీ రూల్ మార్చింది. అంతకు ముందు ఏడాది మార్చిల దాత అండం, దాత వీర్యం అస్సలు వద్దన్నరు, ఇప్పుడేమో మొగుడు పెండ్లాల ఒకరికి జబ్బుంటె, జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫై చేస్తె, దాత సాయం తీసుకోవచ్చన్నరు. మాకు అది అవసరం లేదు గాని రెండు మూడు రోజుల్లనే మేడమ్ ఆ గెజిట్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకున్నరు. అప్పుడే మా ఆయన నా చెయ్యి నొక్కిండు, ఈమెనే అని.

ఆ రోజు మేడమ్ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్త. 2021 చట్టం, 2022 జనవరి 25 నుంచి అమల్ల ఉన్నది, దేశమంతా ఒక్కటే. పైసలిచ్చి కనిపిచ్చుకునుడు బంద్, మోసే ఆమెకు దవాఖాన ఖర్చు, ఇన్సూరెన్స్, రూల్స్ ల రాసిన ఖర్చులు తప్ప ఏమియ్యద్దు. జంటల ఆడమనిషికి 23 నుంచి 50, మొగమనిషికి 26 నుంచి 55 ఏండ్లు ఉండాలె. బతికున్న పిల్లలు ఉండద్దు, పెంచుకున్నోళ్లు గూడ లెక్కనే, పిల్లకు తీరని జబ్బో వైకల్యమో ఉంటె తప్ప. మోసే ఆమెకు 25 నుంచి 35, పెండ్లయి సొంత బిడ్డ ఉండాలె, తన అండం ఇయ్యద్దు, జీవితంల ఒక్కసారే మొయ్యాలె. చుట్టమే కావాలె అని చాలమంది అంటరు గదా, మేడమ్ సెక్షన్ తీసి చూపిచ్చిన్రు, ఇష్టపడి ముందుకొచ్చిన మనిషి అని ఉన్నది. మాకు చుట్టమే దొరికింది, ఇంకా మంచిదన్నరు, జడ్జికి ఎందుకు చేస్తున్నదో చెప్పుడు సులువైతదట.

తర్వాత మూడు కాగితాలు. ఒకటి మెడికల్ బోర్డు ఇచ్చేది, గర్భసంచి లేదు, ఈమె మొయ్యలేదు అని. జిల్లా వైద్యాధికారి, ఒక గైనిక్, ఒక పిల్లల డాక్టర్ కూర్చునే బోర్డు అది. రెండోది మెజిస్ట్రేట్ ఆర్డర్, పుట్టే బిడ్డ ఎవరి బిడ్డ, ఎవరి దగ్గర ఉంటది అని, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ గాని పై కోర్టు గాని ఇయ్యాలె. మూడోది చెల్లెకు 36 నెలల ఇన్సూరెన్స్. ఈ మూడు ఉంటెనే సరోగసీకి పర్మిషన్ ఇచ్చే సర్కారు అథారిటీ మాకు అవసరం ఉన్నదని సర్టిఫికెట్ ఇస్తది, చెల్లెకు అర్హత సర్టిఫికెట్ వేరే, మాకు అర్హత సర్టిఫికెట్ మళ్లా వేరే. నేను బ్యాంకుల రోజూ కేవైసీ చూసేదాన్ని, నాకే తల తిరిగింది.

మరి పరాయి రాష్ట్రం సంగతేంది, గడ్చిరోలిల గూడ తిరగాల్నా అని అడిగిన. మేడమ్ ఊహ చెప్పలే, అది నాకు మస్తు నచ్చింది, "నేను అడిగి చెప్త" అన్నరు. వారం తర్వాత ఫోన్ చేసి, క్లినిక్ ఇక్కడిది, మీరు ఇక్కడోళ్లు, ఇక్కడి అథారిటీ దగ్గరనే ఒక్క ఫైల్ నడిపిద్దాం, చెల్లె పుట్టుక, పెండ్లి, పిల్లల కాగితాలు మాత్రం అక్కడియి పక్కాగ కావాలె అన్నరు. మాకు అట్లనే అయ్యింది.

ఆ "పక్కాగ" అన్న ఒక్క మాటకు రెండు నెలలు పట్టింది.

చెల్లె ఆధార్ మరాఠీల ఉన్నది, పేరు వాళ్ల పద్ధతి, ముందు తన పేరు, తర్వాత మొగని పేరు, చివర ఇంటి పేరు. బడి సర్టిఫికెట్ ల పెండ్లికి ముందటి పేరు, మధ్యల నాయన పేరు. పెద్ద పిలగాని బర్త్ సర్టిఫికెట్ ల తల్లి పేరు ముద్దుపేరు, అవును, ఇంట్ల పిలిచే పేరే రాపిచ్చిన్రు. మనకేమో ఇంటి పేరు ముందల. నాలుగు కాగితాల్ల నలుగురు ఆడోళ్లున్నట్టు ఉన్నది. ముగ్గురు నలుగురు కాదు ఈ మనిషి ఒక్కతే అని అఫిడవిట్, మరాఠీ కాగితాలకు నోటరీ చేసిన తర్జుమాలు, పిలగాని సర్టిఫికెట్ ల తల్లి పేరు సవరణకు సిరోంచ పంచాయతీ ఆఫీసు చుట్టూ మరిది, అంటె చెల్లె మొగడు, మూడు సార్లు తిరిగిండు, పత్తి విత్తనాలు పెట్టే టైమ్ ల. దానికి తోడు ఓట్లు, వాళ్ల దిక్కు ఏప్రిల్ 19న, మనకు మే 13న, ఆఫీసులోళ్లంత డ్యూటీల. చెల్లె మెడికల్ టెస్టులకు వచ్చినప్పుడు వేలికి సిరా మరక అట్లనే ఉండె, నాకింకా పడలే.

ఇప్పుడు మేడమ్ కు నేను నాలుగు స్టార్లు ఎందుకిచ్చిన్నో చెప్త, ఇదే అసలు ముచ్చట. చట్టంల ఏముందంటె, మోసే మనిషికి వచ్చే ఇబ్బందులన్నీ చెప్పి, ఆమెకు అర్థమయ్యే భాషల రాసిన కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలె. చెల్లెకు మాట తెలుగు, చదువు మరాఠీ. తెలుగు అక్షరం రాదు. మేడమ్ ఏం చేసిన్రంటె కన్సెంట్ కాగితం మరాఠీల చేయించిన్రు, హన్మకొండల మరాఠీ టైపింగ్ ఎవరు చేస్తరు, మహారాష్ట్రల బల్లార్షా కాడ తెలిసిన వకీలుతోని తెప్పిచ్చిన్రు. తర్వాత మమ్మల్నందరినీ, నన్ను, మా ఆయనను, అత్తమ్మను, మరిదిని గూడ, బయట మెట్ల మీద కూర్చోమని తలుపేసుకున్నరు. గంటంబావు. అత్తమ్మకు కోపమొచ్చింది, "మన పిల్లతోని మనకు తెల్వకుండ ఏం ముచ్చట" అని. నాకు గూడ లోపల జర గుచ్చుకున్నది, అబద్ధమెందుకు.

చెల్లె తర్వాత చెప్పింది లోపల ఏమైందో. పిండం పెట్టే ముందు ఎప్పుడైన వద్దు అనొచ్చు, ఎవరూ ఏమనలేరు. మూడు సార్ల కంటె ఎక్కువ ప్రయత్నం చెయ్యరు. గర్భం తీసేసే పరిస్థితి వస్తె ఆమె రాతపూర్వకంగ ఒప్పుకోవాలె, అథారిటీ పర్మిషన్ గూడ కావాలె, మేం తీయమన్నా ఉంచమన్నా నడవదు. ఇవన్నీ చెప్పి "మీ అక్క ముందల చెప్పలేనిది ఏమన్న ఉంటె ఇప్పుడు చెప్పు బిడ్డా" అన్నరట. అప్పుడు చెల్లె చెప్పింది, ఆపరేషన్ కాన్పు అంటె భయమని, తనకు రెండూ మామూలు కాన్పులే అని. ఆ మాట మాకు ఎన్నడూ చెప్పలే. మేడమ్ చెల్లెను అడిగి, ఒప్పుకుంటెనే మాకు చెప్పిన్రు, మేం క్లినిక్ డాక్టర్ తోని మాట్లాడించినం. ఫీజు కట్టేది మేము, అయినా ఆ గంటంబావు ఆమె చెల్లె వకీలు లెక్క కూర్చున్నరు. మొదటి వకీలు కాడ పెన్ను పట్టుకున్న చెల్లె యాదికొచ్చింది నాకు.

తప్పు గూడ రాయాలె గదా. గుమాస్తా అప్లికేషన్ ల చెల్లె అడ్రస్ "సిరోంచ, తెలంగాణ రాష్ట్రం" అని కొట్టిండు. ఎవ్వరం చూడలే. కోర్టు ఆఫీసుల ఆపిన్రు, ఆధార్ ఒక రాష్ట్రం, అర్జీ ఒక రాష్ట్రం అని వాపస్, మళ్ల టైపింగ్, మళ్ల అందరి సంతకాలు, అంటె చెల్లె మళ్లా బ్రిడ్జి దాటి బస్సులు మారి రావాలె. రెండు వారాలు పోయినయి. మేడమ్ సారీ చెప్పిన్రు, ఆ ట్రిప్పు ఖర్చు ఫీజుల తగ్గిచ్చుకున్నరు, నిజమే, గాని సంతకం పెట్టే ముందు ఒక్కసారి చదివి ఉంటె అయిపోతుండె.

మెజిస్ట్రేట్ ముందల వాయిదా రోజు నాకు కాళ్లు వణికినయి. మేమూ చెల్లె కలిసి వేసిన అర్జీ అది, ముగ్గురం ఉండాలె. జడ్జి గారు తెలుగులనే అడిగిన్రు, "ఎందుకు చేస్తున్నవమ్మా, ఎవరన్న బలవంతం పెట్టిన్రా?" చెల్లె అన్నది, "మా అత్తమ్మ నాకు టెన్త్ ఫీజు కట్టింది సార్, లేకుంటె అప్పుడే పెండ్లి చేస్తుండె." మేడమ్ మొకం తెల్లవోయింది, బాకీ తీర్చుకుంటున్నట్టు వినపడ్డది గదా. జడ్జి గారు తలెత్తి చూసిన్రు, "ఇప్పుడేమన్న ఇస్తమన్నరా మరి?" అన్నరు. చెల్లె ఠక్కున "ఇప్పుడేమియ్యరు సార్, ఇస్తె జైలట" అన్నది. కోర్టు హాల్ ల రైటర్ గూడ నవ్విండు. జైలు నిజమే, కమర్షియల్ సరోగసీ నడిపితె పదేండ్ల దాక జైలు, 10 లక్షల దాక జరిమానా, పైసలిచ్చి చేయించుకునే జంటకు గూడ మొదటిసారికే ఐదేండ్ల దాక పడుతది.

బంగారం ముచ్చట ఇక్కడే చెప్త. అత్తమ్మ చెల్లెకు రెండు తులాల గాజులు చేయిద్దామని కంసాలికి చెప్పి వచ్చింది. మేడమ్ కు తెలిసి ఫోన్ ల గట్టిగ అన్నరు, చీర సారె పెట్టుకోండి, పండ్లు స్వీట్లు పెట్టుకోండి, బంగారం పేరు ఎత్తొద్దు, మీ ప్రేమ మీకు తెలుసు, కాగితం చూసేటోళ్లకు తెల్వదు. అత్తమ్మ ఇప్పటికీ ఆ మాటకు మేడమ్ మీద అలిగే ఉన్నది.

ఇన్సూరెన్స్ పనిల మేడమ్ ఆఫీసుకు నేను తక్కువ మార్కులేస్త. కాగితం ఎట్లుండాలెనో చెప్పిన్రు, 36 నెలలు, కాన్పు తర్వాత వచ్చే ఇబ్బందులు గూడ కవర్ కావాలె, ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలను చూసే సర్కారు సంస్థ) గుర్తించిన కంపెనీ, దానికి తోడు మా తరఫున గ్యారంటీ అఫిడవిట్. గాని ఏ ఏజెంట్ దగ్గర దొరుకుతదో వాళ్లకు తెల్వదు. హన్మకొండ నక్కలగుట్టల నేను అడిగిన ఏజెంట్లకు సరోగేట్ పాలసీ అన్న మాటే కొత్త, ఒకాయన నాకే పిల్లల చదువు పాలసీ అమ్మనీకి చూసిండు. ఆఖరికి హైదరాబాద్ క్లినిక్ లోళ్లు చూపిచ్చిన్రు.

ఆగస్టు 2024ల మెజిస్ట్రేట్ ఆర్డర్ వచ్చింది. దానిమీద మేడమ్ వేలు పెట్టి చూపిచ్చిన లైన్ ఒకటుంది, బిడ్డ పుట్టినంక ఇదే ఆర్డర్ బర్త్ అఫిడవిట్ లెక్క పనిచేస్తదని. అంటె దత్తత లేదు, పుట్టినంక మళ్ల కోర్టు లేదు, బిడ్డ మొదటి రోజు నుంచి మాదే, చట్టం లెక్కల కడుపున పుట్టిన బిడ్డనే. ఆర్డర్ చేతికి రానిది క్లినిక్ ల అడుగు పెట్టొద్దని మేడమ్ ఎందుకు అన్ని సార్లు అన్నరో అప్పుడు అర్థమైంది. మొదటిసారి నిలవలే. రెండోసారి నిలిచింది. ఆ నెలల గురించి రాస్తె వేరే పుస్తకమైతది.

2025 జూలైల సికింద్రాబాద్ ఫెర్టిలిటీ సెంటర్ కేసు టీవీల వచ్చింది గుర్తుందా, సరోగసీ అని చెప్పి వేరేటోళ్ల బిడ్డను ఇచ్చిన్రు, డీఎన్ఏ చేయిస్తె బయటపడ్డది. అప్పుడు చెల్లెకు నెలలు నిండుతున్నయి. నాకు నిద్ర లేదు. రాత్రి మెసేజ్ పెట్టిన మేడమ్ కు, ఏడు గంటల తర్వాత ఫోన్ ఎత్తని మనిషి ఆ రోజు ఎత్తిన్రు, "మీ చెల్లె మీ కండ్ల ముందల ఉన్నది, స్కానింగులకు మీరే తీస్కపోతున్నరు, క్లినిక్ రిజిస్ట్రేషన్ నంబర్ మన ఫైల్ ల ఉన్నది, పండుకో" అన్నరు.

పాప పుట్టినంక ఆఖరి గండం. దవాఖానల బర్త్ రిపోర్ట్ ల తల్లి పేరు కాడ చెల్లె పేరు రాసిన్రు, వాళ్ల కంప్యూటర్ ల అడ్మిట్ అయినోళ్ల పేరే వస్తదట. దవాఖాన పేరు రాయ. 21 రోజుల్ల రిజిస్టర్ కావాలె, ఒకసారి తప్పుగ ఎక్కితె మార్చుకునుడు నరకం, అదీగాక 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినోళ్లకు బడికైన పాస్‌పోర్టుకైన బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. మేడమ్ సర్టిఫైడ్ కాపీతోని ఒక లెటర్ కొట్టి పంపిచ్చిన్రు, గుమాస్తానే బస్సెక్కి పోయి దగ్గరుండి మార్పిచ్చిండు. అడ్రస్ తప్పు కొట్టింది గూడ ఇతనే, లెక్క సాఫ్ అయిందనుకుంటున్న. ఇప్పుడు సర్టిఫికెట్ ల తల్లి కాడ నా పేరు ఉన్నది.

ఇంకొకటి, అడగకుండనే చెప్పిన్రు, నా అండంతోని పుట్టిన బిడ్డ కాబట్టి మెటర్నిటీ చట్టం కింద నాకు బిడ్డ చేతికొచ్చిన రోజు నుంచి 12 వారాల లీవు ఉన్నదని. మా బ్రాంచిల ఎవ్వరికి తెల్వదు, సెక్షన్ ప్రింట్ ఇచ్చి తీసుకున్న.

ఫీజు మొత్తం 45 వేలు అయ్యింది, మూడు సార్లకు కట్టినం, ప్రతిసారి రసీదు ఇచ్చిన్రు. గుమాస్తాకు చాయ్ పైసలు వేరే, మేడమ్ కు తెల్వకుండ అడుగుతడు, ఇయ్యకపోయినా పనైతది గాని మొకం మాడ్చుకుంటడు. కోసిన ఒక్క స్టారు అడ్రస్ తప్పుకు, ఇన్సూరెన్స్ కు, ఆ రెండో అంతస్తు మెట్లకు. లిఫ్ట్ లేదు. ఐదో నెలల ఒక సంతకానికి చెల్లె ఎక్కలేకపోతె మేడమే కిందికి దిగొచ్చి ఆటోల కూర్చొని చేయించుకున్నరు, అయినా మెట్లు మెట్లే.

పోయేటోళ్లు మధ్యాహ్నం రెండు దాటినంక పోండి, పొద్దుగాల కోర్టు హాల్ లనే ఉంటరు. మోసే ఆమెను మొదటి రోజే వెంట తీస్కపోండి, తర్వాత తెస్త అంటె మేడమ్ ఫైలే తెరవరు. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు నాలుగన్న తీయించుకోండి, మేం రెండే తీసినం, ఒకటి క్లినిక్ ల, ఒకటి దవాఖానల ఉండిపోయింది, ఇప్పుడు పాప ఆధార్ కు మూడోదానికి మళ్ల కాపీ అప్లికేషన్ వేసి కూర్చున్నం.